పంటినొప్పి దాచుకున్న షంషేర్

నల్లగుట్టల అడవిలో జింకలు, కొండగొర్రెలు, నెమళ్లు, ముళ్లపందులు, ముంగిసలు కాపురం ఉండేవి. సింహాలు మాత్రం ఆ అడవిలో ఎన్నడూ లేవు. అయినా రోజూ పొద్దువాలే వేళకు అడవి అంచు నుంచి సింహం గర్జన వినిపించేది. జింకపిల్లలు ఉలిక్కిపడి తల్లుల చాటుకు చేరేవి.

"భయపడకండి. ఆయన కంచె దాటి రాడు" అని తల్లులు వాటిని ఊరుకోబెట్టేవి.

ఆ గర్జించే సింహం పేరు షంషేర్.

అడవి అంచున, గుట్టలను ఆనుకుని, ఎత్తైన ఇనుప కంచె వేసిన ఒక శరణాలయం ఉంది. సర్కస్‌లు మూతపడ్డాక వాటిలోని పులులనూ సింహాలనూ తెచ్చి అక్కడ ఉంచారు. ఒక్కొక్కదానికి ఒక్కో ఆవరణ. ఆవరణలో గడ్డి, చెట్లు, పొదలు, ఒక నీళ్లగుంట. ఒక మూలన రాతిగది. గదికి ఒకవైపు కటకటాలు ఉంటాయి. మనుషులు ఆ కటకటాల అవతలే నిలబడతారు. జంతువు లోపల తిరుగుతుండగా ఆవరణలోకి ఎవరూ అడుగుపెట్టరు.

షంషేర్ అక్కడికి వచ్చి మూడేళ్లయింది. అతనికి ఎడమపక్క ఆవరణలో మంజరి అనే ఆడపులి ఉండేది. ఇద్దరూ ఒకే సర్కస్ నుంచి, ఒకే లారీలో వచ్చారు. వయసులో చిన్నది కాబట్టి మంజరి అతన్ని మామా అని పిలిచేది. కుడిపక్క ఆవరణలో భాగీరథి అనే ముసలి ఆడసింహం ఉండేది. ఆమెకు ఒక కన్ను లేదు, రెండో కన్ను మసక. అందరూ ఆమెను అవ్వా అనేవారు.

షంషేర్ చూడ్డానికి నిజంగానే రాజులా ఉండేవాడు. నల్లటి దట్టమైన జూలు మెడ మీదుగా ఛాతీ దాకా దిగేది. నడిస్తే భుజాలు కదిలే తీరు చూసి నెమళ్లు సైతం ఆగి చూసేవి. ఆ సంగతి అతనికి తెలుసు.

"పదకొండేళ్లు సర్కస్‌లో ఉన్నాను" అనేవాడు, వినేవాళ్లు దొరికితే చాలు. "రోజుకు మూడు ఆటలు. ఒక్కరోజు జబ్బుపడలేదు. ఒక్కరోజు కుంటలేదు. నాలాంటివాణ్ణి ఇంకొకణ్ణి చూపించండి చూద్దాం."

 అతను కుంటగా ఎవరూ చూడలేదు మరి.

ఆ శరణాలయంలో జంతువులను చూసుకునే మనిషి పేరు ఎర్రయ్య. పొద్దున్నే చక్రాల బండి మీద మాంసం పెట్టుకుని, ఒక్కో గది దగ్గరికీ వచ్చేవాడు. అతని చేతిలో ఒక కర్ర ఉండేది. కర్ర చివర ఎర్రగుడ్డ ఉండలా చుట్టి ఉండేది. ఎర్రయ్య ఆ ఉండను కటకటాల దగ్గర పెట్టేవాడు. లోపలున్న పులో సింహమో వచ్చి దానికి ముక్కు ఆనించాలి. ఆనిస్తే ఒక మాంసం ముక్క. ఎర్రయ్య ఉండను పైకెత్తితే నోరు తెరవాలి. పక్కకు జరిపితే కాలెత్తి కటకటాలకు ఆనించాలి. అలా నోరు తెరిచినప్పుడు పళ్లు, కాలెత్తినప్పుడు గోళ్లు చూసేవాడు. తేడా ఏదైనా కనిపిస్తే వెంటనే డాక్టర్ నఫీసాకు చెప్పేవాడు.

మిగతావన్నీ ఆ పని నేర్చుకున్నాయి. భాగీరథి అవ్వకైతే గుడ్డ ఉండ సరిగా కనిపించదు. ఎర్రయ్య కర్రతో కటకటాల మీద టక్ టక్‌మని కొడితే ఆ చప్పుడు పట్టుకుని వచ్చేది.

షంషేర్ ఒక్కడే నేర్చుకోలేదు. కర్ర కనిపించగానే అతనికి ఒళ్లు మండేది.

"మళ్లీ కర్రా? కర్ర ముందు నిలబడే రోజులు నాకు అయిపోయాయి" అని, బండి మీది మాంసం లోపలికి రాగానే నోట కరుచుకుని ఆవరణలోకి వెళ్లిపోయేవాడు. మిగతావన్నీ గదిలోనే తినేవి. అతను కలివిపొద వెనక్కి తీసుకెళ్లి తినేవాడు.

"ఆ కర్ర వేరు, ఈ కర్ర వేరు నాయనా" అని భాగీరథి ఒకటి రెండుసార్లు చెప్పి చూసింది.

"నీకు కళ్లు కనపడవు అవ్వా. నాకు రెండూ ఒకేలా కనపడుతున్నాయి" అన్నాడు షంషేర్.

ఆ ఏడు మాఘమాసంలో షంషేర్‌కు పంటినొప్పి మొదలైంది.

అసలు ఆ నొప్పికి విత్తనం ఎప్పుడో పడింది. సర్కస్‌లో ఉన్నప్పుడు, ఒళ్లు మసలే చోటు కూడా లేని బోనులో, విసుగెత్తి ఇనుప కడ్డీలు కొరికేవాడు. అప్పుడే ఎడమవైపు పైకోర చిట్లింది. ఇన్నేళ్లూ ఆ చీలిక ఊరుకుంది. ఇప్పుడు లోపల చీము పట్టింది.

మొదట్లో చల్లటి నీళ్లు తాగితే జివ్వుమనేది. తరువాత ఎముక కొరికితే కళ్లల్లో నీళ్లు తిరిగేవి. నెల తిరిగేసరికి మెత్తటి మాంసం నమలడమే గగనమైంది. అయినా షంషేర్ పైకి ఏమీ కనపడనివ్వలేదు. ఎర్రయ్య చూస్తుండగా మాంసాన్ని దర్జాగా కరుచుకుని, తల ఎత్తుకుని, పొద వెనక్కి నడిచేవాడు. అక్కడ కూర్చుని, కుడివైపు పళ్లతో రెండు మూడు మెత్తటి ముక్కలు పీకి మింగేవాడు. మిగిలింది అలాగే వదిలేసేవాడు.

వదిలేసిన మాంసం పాడయ్యేది కాదు. కంచె కింద సందులోంచి ఒక ముంగిస దూరి వచ్చి తినేది. మొదటిరోజు భయం భయంగా తిన్నది. నాలుగోరోజుకు పెళ్లాన్ని, పిల్లల్ని, తోడల్లుడిని కూడా తీసుకొచ్చింది. ఎముకల మీద పీచు కూడా మిగలకుండా శుభ్రం చేసి, ఆ ఎముకలను బొరియలోకి లాక్కుపోయేది. అందుకే వారానికోసారి ఆవరణ ఊడ్చేటప్పుడు ఎర్రయ్యకు అక్కడ ఏమీ దొరికేది కాదు.

"దొరా, మీ మనసు ఎంత గొప్పది" అంది ముంగిస ఒకరోజు పొట్ట నిమురుకుంటూ. "మీకు ఆకలి లేకనా? మాలాంటివాళ్ల కోసం వదిలేస్తున్నారు."

నొప్పి సంగతి ముంగిస ఎప్పుడో కనిపెట్టింది. షంషేర్‌కు ఆ సంగతి తెలుసు. అయినా ఆ మాట వినడానికి హాయిగా ఉంది.

"ఆ కటకటాల దగ్గర నోరు తెరవమంటున్నారు నన్ను" అన్నాడు షంషేర్.

"అయ్యో, రాజులు ఎక్కడైనా అలా నోరు తెరిచి చూపిస్తారా?" అంది ముంగిస. "అలాంటి పని చెయ్యకండి దొరా. మీ పరువు పోతుంది."

నోరు బాగైతే తన విందు పోతుందని మాత్రం అది చెప్పలేదు.

అదే రోజుల్లో మంజరికీ ఒక కష్టం వచ్చింది. ఆమె ముందుకాలి గోరు ఒకటి వంకరగా పెరిగి, గుండ్రంగా తిరిగి, అరికాలి మెత్తలోకి దిగింది. అడుగు వేస్తే మేకు మీద వేసినట్టుండేది.

షంషేర్ కంచె దగ్గర కూర్చుని ఆమె కుంటడం చూశాడు.

"ఎర్రయ్య వచ్చేవేళకు సరిగ్గా నడువు" అన్నాడు మెల్లగా.

"నొప్పిగా ఉంది మామా."

"నొప్పి ఉంటుంది. కనపడకూడదు. దిలేర్ ఏమయ్యాడో మరిచిపోయావా?"

మంజరి మరిచిపోలేదు. దిలేర్ షంషేర్‌కు తోడబుట్టినవాడు. సర్కస్‌లో అన్నదమ్ములిద్దరిదీ ఒకటే బోను. ఒకనాడు ఆటలో ఎత్తు పీట మీద నుంచి దూకుతూ దిలేర్ కాలు బెణికింది. ఆ సాయంత్రం యజమాని ముందు కుంటుకుంటూ నడిచాడు. యజమాని చూశాడు. మర్నాడు పొద్దున ఒక లారీ వచ్చింది. దిలేర్‌ను ఎక్కించుకుని పోయింది. ఎక్కడికో ఎవరికీ తెలియదు. అతను మళ్లీ రాలేదు.

ఆ తరువాత ఎనిమిదేళ్లు షంషేర్ కుంటలేదు. కాలు వాచినా కుంటలేదు. జ్వరం వచ్చినా పడుకోలేదు. అతని గొప్పల వెనక ఉన్న అసలు సంగతి అది.

మంజరి ఆ రోజంతా నీళ్లగుంట పక్కన పడుకుని ఆలోచించింది. దిలేర్ కళ్లముందు మెదిలాడు. భయం వేసింది. మరోపక్క ఎర్రయ్య ముఖం కూడా కళ్లముందు మెదిలింది. కిందటి వానాకాలంలో తనకు విరేచనాలు పట్టుకుంటే, అతను తడిసి ముద్దవుతూ గది బయట గోనెపట్టా కప్పుకుని కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున ఎర్రయ్య గుడ్డ ఉండను పక్కకు జరిపాడు. మంజరి ఒక్క క్షణం ఆగింది. తరువాత నొప్పి ఉన్న కాలే ఎత్తి కటకటాలకు ఆనించింది.

ఎర్రయ్య వంగి చూశాడు. "ఓరి తల్లీ, ఎన్నాళ్లనుంచి మోస్తున్నావే దీన్ని" అన్నాడు.

డాక్టర్ నఫీసా వచ్చింది. మంజరికి సూది వేశారు. ఆమె మత్తుగా పడుకుంది. నలుగురు మనుషులు ఆమెను పట్టా మీదికి ఎత్తి, బండిలో పెట్టి తీసుకుపోయారు.

షంషేర్ ఇదంతా కంచె ఇవతలి నుంచి చూశాడు. బండి చక్రాల చప్పుడు దూరమయ్యేదాకా చెవులు రిక్కించి విన్నాడు. తరువాత లేచి నడవడం మొదలుపెట్టాడు. ఇటు ఆరడుగులు, అటు ఆరడుగులు. పాత బోను కొలత అంతే. కళ్లముందు ఎకరం నేల ఉన్నా ఆ ఆరడుగులే నడిచాడు.

ఆ సాయంత్రం మంజరి రాలేదు. మర్నాడూ రాలేదు.

"నేను చెప్పాను. విన్నదా?" అన్నాడు భాగీరథితో.

"వస్తుందిలే" అంది అవ్వ.

"దిలేర్ రాలేదు."



నాలుగోరోజు పొద్దున మంజరి గదిలోంచి ఆవరణలోకి నడిచి వచ్చింది. నాలుగు కాళ్లూ నేల మీద సమంగా ఆనుతున్నాయి. గడ్డి మీద రెండడుగులు వేసి చూసింది. ఇంకో నాలుగు వేసింది. ఆపైన పరుగెత్తుకుంటూ పోయి నీళ్లగుంటలోకి దూకింది. నీళ్లు కంచె దాకా చిందాయి.

షంషేర్ కంచె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆమె బతికి వచ్చినందుకు అతని గుండె తేలికైంది. కానీ ఆ మాట చెప్పడం అతనికి చేతకాలేదు.

"ఏం చేశారు నిన్ను?" అన్నాడు.

"నిద్రపోయాను మామా. లేచేసరికి గోరు లేదు. ఆ డాక్టరమ్మ రోజూ వచ్చి కట్టు మార్చింది. పుండు ఆరేదాకా గడ్డి మీదికి వదలలేదు, అంతే. నీ ముఖం ఏమిటి అలా పీక్కుపోయింది?"

"నాకేం? బాగానే ఉన్నాను."

"నువ్వు ఎముకలు కొరకగా విని చాలా రోజులైంది మామా."

షంషేర్ వెనక్కి తిరిగాడు. "నీది గోరు. చిన్న సంగతి. అందుకే తిరిగి పంపించారు" అని పొద వైపు నడిచిపోయాడు.

వైశాఖం వచ్చింది. ఎండలు ముదిరాయి. నల్లగుట్టలు పొయ్యి మీది పెనంలా కాలాయి. షంషేర్ ఎడమ దవడ ఉబ్బింది. జూలు దట్టంగా ఉండటం వల్ల వాపు పైకి కనపడలేదు. ఎర్రయ్య వస్తే కుడివైపే చూపిస్తూ నిలబడేవాడు. కొన్నాళ్లకు గదిలోకి రావడమే మానేశాడు. కలివిపొద లోపల, రెండు బండల నడుమ ఉన్న సందులోకి దూరి పడుకున్నాడు. సాయంత్రం గర్జన కూడా ఆగిపోయింది.

అడవిలో జింకలకు అది వింతగా తోచింది. "ఆయన ఊరెళ్లాడా?" అని ఒక పిల్ల తల్లిని అడిగింది.

గదిలో పెట్టిన మాంసం రెండురోజులు అలాగే ఉండిపోయింది. ముంగిస మాత్రం పొద దగ్గరికి వచ్చి చూసింది. అక్కడ మాంసం లేదు. ఉన్నది రొప్పుతున్న ఒక సింహం, చెడిన వాసన.

"ఇంక ఇక్కడ ఏమీ లేదర్రా, పదండి" అని పెళ్లాం పిల్లలను వెంటబెట్టుకుని అది వెళ్లిపోయింది. షంషేర్ వైపు చూడనైనా లేదు. దొరా అనలేదు.

షంషేర్ ఆ మాట విన్నాడు. ఇన్నాళ్లూ తన పరువు గురించి అంత బెంగపెట్టుకున్నది ఎవరో, ఎందుకో అప్పుడు అతనికి అర్థమైంది.

ఆ మధ్యాహ్నం ఎర్రయ్యా డాక్టర్ నఫీసా కంచె బయట నిలబడి మాట్లాడుకున్నారు.

"మందు తుపాకీతో సూది కొట్టలేమా అమ్మా?" అన్నాడు ఎర్రయ్య.

"బండల మధ్య దూరాడు బాబాయ్. తగలదు" అంది డాక్టర్. "తగిలినా ఈ ఎండలో, ఇంత నీరసంలో, అక్కడ పడిపోతే మనం దగ్గరికి వెళ్లేసరికి ఏమవుతుందో చెప్పలేను. తనంతట తాను గదిలోకి రావాలి. లోపల చల్లగా ఉంటుంది, అన్నీ సిద్ధంగా ఉంటాయి. అప్పుడైతే నేను కాపాడగలను."

"రాకపోతే?"

"రెండు రోజులు. అంతకంటే ఆగడు."

ఎర్రయ్య వెళ్లి రాతిగది కటకటాల ముందు నేల మీద కూర్చున్నాడు. "రా నాన్నా, షంషేరూ, ఒక్కసారి రా" అని పిలిచాడు. ఆగి ఆగి పిలిచాడు. అన్నం క్యారియర్ పక్కనే మూత తియ్యకుండా ఉంది.

ఆ పిలుపు షంషేర్‌కు వినపడుతూనే ఉంది.

కంచె అవతల మంజరి వచ్చి, అతనికి వీలైనంత దగ్గరగా పడుకుంది. "మామా, వెళ్లు" అంది.

 షంషేర్, "దిలేర్ కూడా నమ్మాడు. లారీ తలుపు తెరిస్తే తనే ఎక్కాడు" అన్నాడు. నోరు కదిపితే నొప్పి. మాటలు ముద్దగా వచ్చాయి. "వాడు ఎక్కేటప్పుడు నేను చూస్తూ ఉన్నాను. కుంటవద్దని వాడికి ముందే చెప్పి ఉండాల్సింది."

 దిలేర్ గురించి అతని నోట అంత మాట మంజరి ఎప్పుడూ వినలేదు.

"అక్కడ మనల్ని చూసేవాళ్లు, ఆటకు పనికొస్తామా లేదా అని చూసేవాళ్లు మామా" అంది. "ఇక్కడికొచ్చి మూడేళ్లయింది. నిన్ను ఎవరైనా పీట ఎక్కమన్నారా? దూకమన్నారా?"

షంషేర్ ఆలోచించాడు. ఎవరూ అనలేదు.

"ఆ కర్రతో ఎవరినైనా కొట్టగా చూశావా?"

చూడలేదు.

అప్పుడు కుడివైపు నుంచి భాగీరథి గొంతు వినపడింది. ముసలిది మెల్లగా తడుముకుంటూ కంచె దాకా వచ్చింది.

"నన్ను చూడు నాయనా" అంది. "ఒక కన్ను పోయింది. రెండోది పోతోంది. నడుం లేవదు. గర్జించమంటే దగ్గు వస్తుంది. నావల్ల ఎవరికీ కాణీ లాభం లేదు. సర్కస్‌లో అయితే నాకు లారీ ఎప్పుడో వచ్చేది. అవునా?"

"అవును" అన్నాడు షంషేర్.

"ఇక్కడ రోజూ అదే వేళకు నా మాంసం వస్తోంది. పళ్లు లేవని సన్నగా తరిగి తెస్తున్నాడు ఎర్రయ్య. ఎముకలు తీసేసి తెస్తున్నాడు. దేనికీ పనికిరాని నన్నే వీళ్లు వదిలిపెట్టలేదు. పంటినొప్పి వచ్చిందని నిన్ను వదిలేస్తారా?"

షంషేర్ కళ్లు మూసుకున్నాడు. అవ్వ మాటల్లో తప్పు పట్టడానికి ఏమైనా ఉందేమోనని వెతికాడు. దొరకలేదు. మూడేళ్లుగా ఆమె పక్కనే ఉంది. రోజూ తరిగిన మాంసం తింటూనే ఉంది. రోజూ చూస్తూ కూడా తను ఆ సంగతి చూడలేదు.

కళ్లు తెరిచి, ముందుకాళ్లు బండకు తన్నిపెట్టి లేచాడు.

పొద నుంచి గదికి పెద్ద దూరమేమీ కాదు. అతనికి మాత్రం ఆ రోజు అది తరగని దారి అయింది. పొద బయటికి రాగానే ఎండ నెత్తిన కొట్టింది. పదడుగులు వేసి ఆగాడు. ఇంకో పదడుగులు వేసి కూర్చున్నాడు. కుంటకుండా, తూలకుండా నడవాలని ఇన్నేళ్ల అలవాటు లోపలి నుంచి చెబుతూనే ఉంది. ఈసారి అతను దాని మాట వినలేదు. తూలుతూ నడిచాడు. తల నేలకు వేలాడుతుంటే అలాగే నడిచాడు. నెమళ్లు చూశాయి, చూస్తే చూడనీ అనుకున్నాడు.

గది గడప దగ్గర మరోసారి ఆగాడు. లోపల నేల చల్లగా ఉంది. కటకటాల అవతల ఎర్రయ్య మధ్యాహ్నం నుంచీ కూర్చున్నచోటే కూర్చుని ఉన్నాడు.

ఎర్రయ్య లేవలేదు, కంగారుపడలేదు. కర్ర అందుకుని, గుడ్డ ఉండను మెల్లగా కటకటాల దగ్గర పెట్టాడు. 

షంషేర్ ఆ కర్రను చూశాడు. అది కదలకుండా ఉంది. మెడ చాచి ముక్కు ఆనించాడు. తరువాత, ఎవరూ చెప్పకుండానే, తల తిప్పి వాచిన ఎడమ దవడను కటకటాలకు ఆనించి నోరు తెరిచాడు.

ఎర్రయ్య లోపలికి చూశాడు. 

"మంచిపని చేశావు నాన్నా" అన్నాడు. "చాలా మంచిపని చేశావు." ఆపైన గట్టిగా కేక వేశాడు. "డాక్టరమ్మా, వచ్చాడు!"

ఆవరణ వైపు తలుపు మూసుకుంది. సూది గుచ్చుకుంది. కళ్లు మూతపడుతుండగా షంషేర్‌కు ఒకే ఒక్క ఆలోచన వచ్చింది. దిలేర్‌ను కూడా ఇలాంటిచోటికే తీసుకెళ్లి ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాడు.

మెలకువ వచ్చేసరికి నోట్లో ఏదో వెలితిగా ఉంది. నాలుకతో తడిమి చూశాడు. ఎడమవైపు పైకోర లేదు. కిందికోర లేదు. వాటి వెనక ఉండాల్సిన దంతాలు రెండూ లేవు. కానీ నెలల తరబడి పుర్రెలో మోగుతూ ఉన్న ఆ పోటు కూడా లేదు. ఆ నిశ్శబ్దం అతనికి కొత్తగా ఉంది.

కటకటాల అవతల డాక్టర్ చేతులు తుడుచుకుంటూ ఎర్రయ్యతో అంటోంది. "మొదట్లోనే చూపించి ఉంటే ఒక్క కోర తీస్తే సరిపోయేది బాబాయ్. ఇప్పుడు నాలుగు పళ్లు పోయాయి, దవడ ఎముక కొంత గీకాల్సి వచ్చింది. ఇక ఎముకలు కొరకలేడు. అయితే బతుకుతాడు. ఇంకా చాలా ఏళ్లు బతుకుతాడు."

షంషేర్ అది విన్నాడు. ఎముకలు కొరకడం అతనికి ఎంతో ఇష్టం. ఆ ఇష్టం ఇక తీరదు. దాచిపెట్టిన ప్రతి రోజుకూ తనేం చెల్లించాడో అతనికి తెలిసింది. ఆ సంగతికి కొన్నాళ్లు లోలోపల కుమిలాడు కూడా.

మూడు వారాలు అతన్ని గదిలోనే ఉంచారు. మాంసం సన్నగా తరిగి, వెచ్చటి పులుసులో కలిపి పెట్టారు. మొదట్లో అది చూసి అతనికి సిగ్గేసింది. తింటే రుచిగానే ఉంది. గిన్నె అడుగు దాకా నాకేశాడు.

తొలకరి వాన పడిన మర్నాడు ఆవరణ తలుపు తెరిచారు. షంషేర్ బయటికి వచ్చాడు. బక్కచిక్కాడు. మందు రాయడానికి ఎడమవైపు జూలు గొరిగారు, అక్కడ చర్మం బోసిగా కనపడుతోంది. ఒకపక్క రాజు, ఒకపక్క బొచ్చు గొరిగిన గొర్రె అన్నట్టున్నాడు.

మంజరి కంచె దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. గోరు పోయిన కాలు ఇప్పుడు ఆమెకు గుర్తు కూడా లేదు. ఈత కొట్టీ కొట్టీ ఒళ్లు నిగనిగలాడుతోంది. ఆమె అతని ముఖం వైపు పరీక్షగా చూసింది.

"బాగా లేనా?" అన్నాడు షంషేర్.

"బాగా ఉన్నావు మామా."

"అబద్ధం చెప్పకు. నీళ్లగుంటలో చూసుకున్నాను" అన్నాడు. తరువాత కొంచెం ఆగి, "నువ్వు తిరిగొచ్చిన రోజు నాకు చాలా సంతోషమైంది. అప్పుడు చెప్పలేదు" అన్నాడు.

ముంగిస కూడా ఒకరోజు కంచె సందులోంచి తల పెట్టింది. "దొరా, కులాసానా? పొద వెనక ఏమైనా..." అని నసిగింది.

"నేనిప్పుడు గదిలోనే తింటున్నాను. అంతా తింటున్నాను" అన్నాడు షంషేర్ మర్యాదగానే. ముంగిస సంసారం ఆ తరువాత మళ్లీ ఎలుకల వేటకు, కప్పల వేటకు పోవలసి వచ్చింది. తిని కూర్చుని బాగా బరువెక్కడంతో మొదటి వారం వాటికి ఒక్క ఎలుకా చిక్కలేదు.

శ్రావణంలో ఒకనాటి పొద్దున, ఎర్రయ్య ఇంకా బండి మీద మాంసం సర్దుకుంటూ ఉన్నాడు. అంతలో షంషేర్ గది వైపు నుంచి పెద్ద గర్జన వినిపించింది. ఏం ముంచుకొచ్చిందోనని ఎర్రయ్య బండి అక్కడే వదిలేసి పరుగెత్తాడు.

షంషేర్ కటకటాలకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముందుకాలు ఎత్తి ఇనుపకమ్మీకి ఆనించి పెట్టాడు. ముఖం చాలా గంభీరంగా ఉంది.

ఎర్రయ్య వంగి చూశాడు. అరికాలి మెత్తలో తుమ్మముల్లు ఒకటి ఉంది. గోరంత కూడా లేదు.

"దీనికేనా?" అన్నాడు ఎర్రయ్య. నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఇంత ముల్లుకు అడవంతా లేపావా?"

షంషేర్ కాలు తియ్యలేదు. ఎర్రయ్య పొడవాటి పట్టకారు తెచ్చి, జాగ్రత్తగా ముల్లు లాగేశాడు. అవతలి ఆవరణలో మంజరి ముఖం గడ్డిలో దాచుకుంది. నవ్వు కనపడకూడదని ఆమె ప్రయత్నం.

షంషేర్ కాలు కిందపెట్టి చూసుకున్నాడు. నొప్పి లేదు. తృప్తిగా లేచి నిలబడి, ఇక మాంసం సంగతేమిటన్నట్టు ఎర్రయ్య వైపు చూశాడు.

నీతి: బాధను దాచుకోవడం ధైర్యం కాదు. మన మేలు కోరేవారెవరో గుర్తించి, వేళ మించకముందే వారికి చెప్పుకోవడమే తెలివి.